మూడో సందులో ఎర్ర లైటు

“నాన్నగారూ, ఆయనకి సాంబారు కావాలేమో అడగండి.”

ఆయన అంటే దామోదర్. బల్లకి అవతలివైపు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. సాంబారు గిన్నె అతని చేతికి అందేలాగే ఉంది. అయినా జయంతి గురువారం సాయంత్రం నుంచి మొగుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ ఆదివారం.

అనంతరామయ్యగారు కూతురి ముఖం చూశారు. అల్లుడి ముఖం చూశారు. ఆయన కాకినాడ నుంచి అమెరికాలోని అరోరా వచ్చి రెండు నెలలైంది. వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో మొగుడూపెళ్ళాలు పొద్దస్తమానం వేర్‌హౌస్ కబుర్లే చెప్పుకుంటారని విసుక్కున్నారు. ఇప్పుడా విసుగు ఎంత సుఖమో తెలిసొచ్చింది.

“సాంబారు కావాలా బాబూ?”

“వద్దు మామయ్యగారూ.”

“వద్దుటమ్మా.”

“అయితే పెరుగు వేసుకోమనండి. మళ్ళీ సాయంత్రం తలనొప్పి అంటారు.”

పదిహేనేళ్ళ రేణు ఇది చూసి చూసి కుర్చీ వెనక్కి తోసింది. “తాతయ్యా, యూ డోంట్ హావ్ టు డూ దిస్. వాళ్ళకి చెవులు ఉంది కదా!” అని పళ్ళెం సింకులో పడేసి, మెట్లు దడదడలాడిస్తూ పైకి వెళ్ళిపోయింది.

ముగ్గురూ తలలు వంచుకుని పెరుగన్నం తిన్నారు. జయంతికి కోపమొస్తే గిన్నెలు మోగుతాయి, తలుపులు మోగుతాయి. ఈసారి ఏదీ మోగలేదు. దామోదర్‌కి భయంగా ఉన్నది అందుకే.

భోజనాలయ్యాక అతను బల్ల తుడిచి, ఆఫీసు నుంచి తెచ్చిన ప్లాన్ చుట్ట విప్పి పరిచాడు. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. రేపు ఉదయం ఏడున్నరకి వేర్‌హౌస్‌లో కొత్త మెషీన్లు పూర్తిస్థాయిలో స్టార్ట్ అవుతాయి. వాటిని అమర్చే ఇంజనీరుగా ఏడాదిన్నరగా ఈ ప్లాన్ తప్ప అతనికి వేరే లోకం లేదు. జయంతి ఆరేళ్ళుగా అదే వేర్‌హౌస్‌లో ఆర్డర్ల ప్రకారం సరుకు తీసే పని చేస్తోంది. మెషీన్లు వచ్చాక నలభైమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళని ఉంచారు. అందులో ఆమె ఒకతె.

అనంతరామయ్యగారు ముప్ఫై ఒక్కేళ్ళు సివిల్ సప్లైస్ గోడౌన్ చూసి రిటైరైన మనిషి. గోడౌన్ బొమ్మ కనిపిస్తే ఊరుకోలేరు. కళ్ళజోడు తుడుచుకుని వంగారు.

“ఈ నిలువు గీతలేమిటి బాబూ?”

“సందులు మామయ్యగారూ. తొమ్మిది సందులు. రెండువైపులా నలభై అడుగుల ఎత్తు అరలు. మధ్యలో పట్టా మీద క్రేన్ పరిగెడుతుంది. ఏ అరలో ఏముందో కంప్యూటర్‌కి తెలుసు. అది చెప్తుంది, క్రేన్ వెళ్ళి అట్టపెట్టె తీసుకొచ్చి ముందున్న బెల్ట్ మీద పెడుతుంది. మనిషి బెల్ట్ దగ్గర నిలబడి లేబుల్ అంటిస్తే చాలు.”

“పెట్టె వంకర తిరిగి అరలో ఇరుక్కుంటేనో?”

“క్రేన్ ఆగిపోతుంది. ఎర్ర లైటు వెలుగుతుంది.”

“తర్వాత?”

“పెట్టె సర్దుకుంటే, పది సెకన్లలో దానంతట అదే మళ్ళీ మొదలవుతుంది.” దామోదర్ ఆఖరి మాటలు కాస్త గొణిగినట్టు అన్నాడు.

“సర్దుకోవడమేమిటి? ఎవరు సర్దుతారు?”

దామోదర్ ఒక గ్లాసు జరిపి మళ్ళీ అక్కడే పెట్టాడు.

“మా గోడౌన్లో ఒక పద్ధతుండేది,” అన్నారు అనంతరామయ్యగారు. “హమాలీ లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు పక్క మేకుకి తువ్వాలు తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చి తీసుకోవాలి. మేకుకి ఒక్క తువ్వాలున్నా తాళం పడదు, లారీ కదలదు. కలెక్టరు వచ్చి నిలబడినా సరే. ఇంతకీ, మనిషి లోపలుంటే మీ క్రేన్‌కి ఎలా తెలుస్తుంది?”

వంటింట్లో కుళాయి ఆగింది.

“తెలీదు నాన్నగారూ.” జయంతి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “మనిషి లోపలుందని క్రేన్‌కి తెలీదు. తెలిసినాయన కంపెనీకి చెప్పలేదు.”

“జయా!”

“నా మీద అరవకండి. ప్లాన్ మీ ముందే ఉంది. మా నాన్నగారికి ఆ గేటు ఎక్కడుందో చూపించండి చూద్దాం.”

దామోదర్ లేచాడు. “కిందకి రా. ఇక్కడొద్దు.”

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. దాని చప్పుడుకి పైకి వినపడదని ఇద్దరి ధీమా. పెళ్ళయిన పదిహేడేళ్ళలో పెద్ద పోట్లాటలన్నీ ఆ చప్పుడు చాటునే జరిగాయి.

“ఆగస్టులో మొదటి రెండు సందులూ టెస్ట్ చేసినప్పుడు పెట్టెలు ఎన్నిసార్లు ఇరుక్కున్నాయి?” అడిగింది జయంతి.

“నీకు తెలుసుగా.”

“మీరు చెప్పండి.”

“పంతొమ్మిది.”

“పంతొమ్మిదిసార్లూ నేనో, డలోరెస్సో లోపలికి వెళ్ళి తోసి వచ్చాం. ఏ రోజుకారోజు ఇంటికొచ్చి మీకు చెప్పాను. కూర కలుపుకుంటూ విన్నారు. జాగ్రత్త అన్నారు. అంతేగా?”

అంతే. రూల్ ప్రకారం ఎర్ర లైటు వెలిగితే మెకానిక్‌ని పిలవాలి. ఆయన వచ్చేసరికి పావుగంట పడుతుంది, ఒక్కోసారి అరగంట. ఈలోగా గంటకిన్ని పెట్టెలని పెట్టిన లెక్క తగ్గిపోతుంది, సూపర్‌వైజర్ వచ్చి నెత్తిన నిలబడతాడు. అందుకని ఆడవాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. ప్రతి సందు వెనకవైపూ ఒక రేకు వదులుగా ఉంది. దాన్ని తప్పించి ఒకతె లోపలికి దూరేది. రెండో ఆమె సందు ముందు క్రేన్‌ని ఆపే ఎర్ర బటన్ నొక్కిపట్టి ఉంచేది. మొదటామె బయటికొచ్చి కేకేసేదాకా ఆ చెయ్యి తీసేది కాదు.

“మా పేర్లు రాయొద్దన్నాను,” అంది జయంతి. “అంతకుమించి నేనేమైనా అన్నానా?”

“పేర్లు రాయకుండా మనుషులు వెళ్ళారని ఎలా రాస్తాను? టెస్ట్‌లో ఉన్నది మీరిద్దరే. సందులో కాలు పెడితే ఆ పూటే ఇంటికి పంపిస్తారు. నీ ఉద్యోగం నా చేత్తో నేనే తీసేయించుకోవాలా?”

“అందుకని?”

“అందుకని... పెట్టెలు వాటంతట అవే సర్దుకున్నాయని రాశాను.”

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. రాసినప్పుడు ఇంత సిగ్గుగా లేదు. భార్యని కాపాడుకుంటున్నాననే అనుకున్నాడు, పైగా లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

“గురువారం ట్రైనింగ్‌లో బ్రాండ్ట్ ఆ కాగితం మాకు చదివి వినిపించాడు.” బ్రాండ్ట్ అంటే వేర్‌హౌస్ మేనేజర్. “మెషీన్ తన తప్పు తనే దిద్దుకుంటుందట. ఎవరూ లోపలికి వెళ్ళక్కర్లేదట. కాబట్టి సందుకి ఒక్క మనిషి చాలట. కింద ఎర్ర బటన్లు పీకేశారు. పైన కంట్రోల్ రూమ్‌లో ఒక్కటి చాలట. వెనక గేటు కూడా అక్కర్లేదన్నాడు. ఆ గేటు మీరే కదా గీసింది?”

గీశాడు. తెరవగానే ఆ సందుకి కరెంటు పోయే గేటు. సెప్టెంబర్‌లో బ్రాండ్ట్ దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, “ఎవరూ లోపలికి వెళ్ళనప్పుడు ఇదెందుకు డేవ్? నీ రిపోర్ట్‌లోనే ఉంది కదా?” అన్నాడు. ఆఫీసులో దామోదర్ పేరు డేవ్. డేవ్ నోరు తెరవలేదు.

“రేపట్నుంచి ఎవరూ లోపలికి వెళ్ళొద్దని అందరికీ చెప్పు,” అన్నాడు దామోదర్.

“చెప్తే ఆగుతారా? డలోరెస్‌కి కౌంట్ తక్కువైందని రెండు వార్నింగులు ఇచ్చారు. మూడోది ఇస్తే బయటికే. లైటు వెలిగితే ఆవిడ చేతులు కట్టుకుని నిలబడుతుందా? వెళ్తుంది. బటన్ మీద చెయ్యేసేవాళ్ళుండరు. పెట్టె తోసిన పది సెకన్లకి క్రేన్ బయల్దేరుతుంది. ఆ రేకు దాకా రావడానికి నాకే ఇరవై పట్టేది.”

“జయా, ఇప్పుడు చెప్తే నా పనేమవుతుందో ఆలోచించావా? దొంగ రిపోర్ట్ రాశానని తేలుతుంది. నీదీ పోతుంది, నాదీ పోతుంది. రేణు కాలేజీ...”

“రేణు కాలేజీకి ఇంకా మూడేళ్ళుంది. డలోరెస్‌కి రేపటిదాకానే ఉంది.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “ఆరేళ్ళు ఆవిడ పక్కన నిలబడి పనిచేశానండీ. నేను లోపలున్నప్పుడు ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా బటన్ మీంచి జారలేదు.”

వాషింగ్ మెషీన్ టక్కున ఆగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

దామోదర్ పైకి వచ్చి, వంటింటి గోడకున్న ఫోన్ తీసి బ్రాండ్ట్ ఇంటికి డయల్ చేశాడు. జయంతి ఎదురుగా నిలబడింది. బ్రాండ్ట్ భార్య ఎత్తింది. ఆయన ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళారు, చీకటిపడితే గానీ రారు, ఏమైనా చెప్పమంటారా అని అడిగింది.

“నో, నో. రేపు ఆఫీస్‌లో కలుస్తాను.”

ఫోన్ పెట్టేసి ఊపిరి వదిలాడు. బరువు దిగిన మనిషి వదిలే ఊపిరి అది. జయంతి దాన్ని విననే విన్నది.

“మళ్ళీ ఫోన్ చెయ్యమని ఎందుకు చెప్పలేదు?”

“ఇది ఫోన్‌లో చెప్పే విషయం కాదు. రేపు ఏడింటికి, స్టార్ట్ చేసే ముందే, ఆయనొక్కడితో చెప్తాను.”

“చెప్పకపోతే?”

“చెప్తానన్నానుగా.”

“కంట్రోల్ రూమ్ అద్దాలు కిందనుంచి కనిపిస్తాయి. నేను చూస్తుంటాను. మీరు చెప్తే మెషీన్ కదలదు. కదిలిందంటే చెప్పలేదని నాకర్థమవుతుంది.”

“కదిలితే ఏం చేస్తావు?”

జయంతి బట్టల బుట్ట చేతిలోకి తీసుకుంది. కిందకి వెళ్ళి తడిబట్టలు డ్రయర్‌లో వెయ్యసాగింది.

ఇంట్లో ఉండలేక దామోదర్ వెనక పెరట్లోకి వెళ్ళి, రాలిన మేపుల్ ఆకులు పోగు చెయ్యడం మొదలుపెట్టాడు. గాలి వీస్తోంది. పోగు చేసినవి మళ్ళీ చెదిరిపోతున్నాయి. అయినా ఊడుస్తూనే ఉన్నాడు.

స్వెటరు మీద శాలువా కప్పుకుని అనంతరామయ్యగారు వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. బేస్‌మెంట్ మాటలు పైకి వినపడవన్నది ఆ ఇద్దరి భ్రమేనని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

“తువ్వాళ్ళ పద్ధతి నేనెందుకు పెట్టానో చెప్పలేదు కదూ బాబూ?”

దామోదర్ ఆగాడు.

“ఒక వానాకాలం గోడౌన్ పైకప్పు కారింది. ఒకదాని మీదొకటి నెట్టు కట్టిన బస్తాలు అడుగున తడిసి ఒరిగాయి. నేను కళ్ళతో చూశాను. పైకి రాస్తే సరుకు నా పర్యవేక్షణలో తడిసిందని మెమో ఇస్తారు. ప్రమోషను దగ్గరలో ఉంది. తనిఖీ చేశాను, అంతా సవ్యంగా ఉందని రాశాను. రెండు రోజులు పోయాక సర్దిద్దాంలే అనుకున్నాను.”

“తర్వాత?”

“మర్నాడే పడిపోయాయి. ఎంతమంది లోపలున్నారో ఎవరికీ తెలీదు. పిలిచి చూశాం. పలికినవాళ్ళని తీశాం.”

“ఎంతమంది...?”

“ఇద్దరు పలకలేదు.” ఆయన శాలువా మెడచుట్టూ బిగించుకున్నారు. “ప్రమోషను వచ్చింది. ఈ సంగతి మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నాను.”

 పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

సోమవారం ఉదయం ఇద్దరూ ఒకే కార్‌లో బయల్దేరారు. ఇంకా సరిగా తెల్లవారలేదు. ఫాక్స్ నది వంతెన మీద పొగమంచు పట్టి ముందు కారు వెనక లైట్లు మాత్రం కనిపిస్తున్నాయి. పార్కింగ్ లాట్‌లో దిగేటప్పుడు జయంతి అతని వైపు తిరిగింది. నాలుగు రోజుల్లో మొదటిసారి కళ్ళలోకి చూసింది.

“ఏడింటికి,” అంది.

“ఏడింటికి,” అన్నాడు.

అతను మాట తప్పాలనుకోలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఏడుకి అయిదు నిమిషాల ముందే కంట్రోల్ రూమ్‌కి వెళ్ళాడు. అప్పటికే అక్కడ హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దమనుషులు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. బ్రాండ్ట్ కొత్త టై కట్టుకున్నాడు.

“మిస్టర్ బ్రాండ్ట్, మీతో ఒక్క నిమిషం పర్సనల్‌గా మాట్లాడాలి.”

“స్టార్ట్ అయ్యాక తీరిగ్గా మాట్లాడదాం డేవ్. రా, వీళ్ళని పరిచయం చేస్తాను. జెంటిల్మెన్, ఈ మెషీన్‌కి మెదడు ఇతనే!”

అందులో పెద్దాయన చెయ్యి చాచాడు. “మీ ఆగస్టు రిపోర్ట్ రెండుసార్లు చదివాను. పంతొమ్మిదిసార్లు జామ్ అయితే పంతొమ్మిదిసార్లూ దానంతట అదే సర్దుకుంది! ఇంకో నాలుగు వేర్‌హౌస్‌లలో ఇదే పెట్టబోతున్నాం.”

చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దేవుడు కూడా ఇవ్వలేడు. నలుగురూ అతని నోటివంకే చూస్తున్నారు.

“థ్యాంక్యూ సర్,” అన్నాడు దామోదర్.

 ఏడైంది. ఏడుంబావు దాటింది. బ్రాండ్ట్ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. “ఈ గౌరవం నీదే!”

“ఒక్క నిమిషం...”

“ఓ, ఫొటో! నిజమే,” అని ఎవరో కెమెరా తీశారు.

అద్దాల్లోంచి కిందకి చూశాడు. పసుపుపచ్చ కోట్లు వేసుకున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళు తొమ్మిది సందుల ముందు నిలబడి ఉన్నారు. మూడో సందు ముందు డలోరెస్. అయిదో సందు ముందు జయంతి. ఆమె తలెత్తి ఇటే చూస్తోంది. ఫ్లాష్ వెలిగింది. దామోదర్ తాళంచెవి తిప్పాడు.

తొమ్మిది క్రేన్లూ ఒక్కసారి కదిలాయి. గదిలో చప్పట్లు కొట్టారు. అతను మళ్ళీ కిందకి చూసేసరికి జయంతి తల దించుకుని బెల్ట్ మీద పెట్టెకి లేబుల్ అంటిస్తోంది.

నలభై నిమిషాలు అంతా సవ్యంగా నడిచింది. ఈ పూట గడిస్తే చాలు, వాళ్ళు వెళ్ళగానే చెప్పేస్తాను అనుకున్నాడు దామోదర్. నిజంగానే అనుకున్నాడు.

ఎనిమిదీ పదికి మూడో సందు మీద ఎర్ర లైటు వెలిగింది.

“ఆహా, ఇప్పుడు చూడండి,” అన్నాడు బ్రాండ్ట్ ఉత్సాహంగా.

దామోదర్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. అద్దానికి ముఖం ఆనించి చూశాడు. డలోరెస్ తన చోటే ఉంది. బెల్ట్ పక్కన, రెండు చేతులూ గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్ళలేదు. జయంతి మాట విన్నదన్నమాట. 

మరి డలోరెస్ అలా సందు వెనకవైపు ఏం చూస్తోంది?

అయిదో సందు వైపు చూశాడు. బెల్ట్ మీద నాలుగు పెట్టెలు పేరుకుని ఉన్నాయి. లేబుల్ అంటించే మనిషి లేదు.

అంతలో మూడో సందు మీద ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగింది.

“చూశారా! వాటంతట అవే!” బ్రాండ్ట్ చెయ్యి చాచి చూపించాడు. పెద్దమనుషులు తలలూపారు.

ఎర్ర బటన్ గదికి ఆ చివర ఉంది. మధ్యలో ముగ్గురు మనుషులు, కాఫీ బల్ల. దామోదర్ ఒకాయన్ని భుజంతో నెట్టాడు. బల్ల తగిలి కాఫీ ఒలికింది. ఎన్ని సెకన్లయ్యాయో అతనికి తెలీదు. బటన్ మీద అరచెయ్యి వేసి నొక్కినప్పుడు కింద మూడో క్రేన్ అప్పటికే కదిలింది.

వేర్‌హౌస్ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

“డేవ్! ఆర్ యూ క్రేజీ? ఎందుకు ఆపావు?”

“లోపల మనిషి ఉంది.”

“లోపల ఎవరూ ఉండరు. నీ రిపోర్ట్‌లోనే...”

“ఆ పెట్టెలు ఎప్పుడూ వాటంతట అవి సర్దుకోలేదు. ఒక్కసారి కూడా. అది నేను కల్పించి రాశాను.” బటన్ మీంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు.

బ్రాండ్ట్ అద్దం వైపు తిరిగాడు. “ఎవరు? ఎవరున్నారు లోపల?”

“నా భార్య.”

కింద డలోరెస్ మూడో సందు నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి “జయా!” అని పిలిచింది. మిగతా ఏడుగురూ చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చారు. డలోరెస్ చెయ్యెత్తి వాళ్ళని మాట్లాడొద్దని ఆపింది. రెండోసారి పిలిచింది. కాసేపు చెవి ఒగ్గి విన్నది.

మళ్ళీ పిలిచింది.